తిమింగలం పేరుతో నగ, ఉపగ్రహంతో జాడ

తిమింగలాల సంరక్షణకు తోడ్పడతాయని చెప్పి అమ్మే నగలు రెండు రకాలు. మొదటి రకం పాతది. తిమింగలం తోక ఆకారంలో వెండి లాకెట్టో ఉంగరమో కొంటే, వచ్చిన సొమ్ములో కొంత ఒక సంరక్షణ సంస్థకు వెళుతుంది. కొన్నవారికీ ఆ జీవికీ సంబంధం అక్కడితో సరి. రెండో రకం ఈ పదేళ్లలో వచ్చింది. రాతి పూసలో గాజు పూసలో గుచ్చిన చేతి గొలుసుతో పాటు చిన్న అట్టముక్క ఒకటి ఇస్తారు. దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌కు చూపిస్తే ఒక జంతువు పేరు, ఫొటో, పటం మీద అది తిరిగిన దారి కనిపిస్తాయి. పరిశోధకులు ఆ జంతువు ఒంటికి అమర్చిన ట్యాగ్ నుంచి ఉపగ్రహాలు అందుకున్న సంకేతాలతో గీసిన దారి అది.

అమెరికాలో 2018లో మొదలైన ఫాలో అనే సంస్థ ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చింది. మొదట్లో దాని పేరు వైల్డ్‌లైఫ్ కలెక్షన్స్. సముద్రపు తాబేళ్ల గొలుసుతో మొదలుపెట్టి సొరచేపలు, ధ్రువపు ఎలుగుబంట్లు, ఏనుగుల వంటి వాటికి విస్తరించింది. ట్యాగులు వేసేది ఈ సంస్థ కాదు. ఆ పని ఎప్పటినుంచో చేస్తున్న పరిశోధన సంస్థలతో ఒప్పందం చేసుకుని వాటి సమాచారాన్ని తన యాప్‌లో చూపిస్తుంది, లాభంలో కొంత వాటికి ఇస్తుంది. ఇలాంటి వ్యాపారాలన్నిటికీ ఇదే అచ్చు.

కొనేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు రెండున్నాయి. అట్టముక్క మీద పేరున్న జంతువు ఒక్క కొనుగోలుదారుదే కాదు. ట్యాగ్ వేసిన జంతువులు పదులలో ఉంటే గొలుసులు లక్షల్లో అమ్ముడవుతాయి కాబట్టి ఒకే జీవి వేలమంది ఫోన్లలో ఉంటుంది. ఇక పటం మీద కనిపించే చుక్క ఈ నిమిషానిది కాదు. జంతువు ఇప్పుడు ఎక్కడుందో అందరికీ తెలిస్తే వేటగాళ్లకూ పడవల వాళ్లకూ తెలిసినట్టే, అందుకని దారిని ఆలస్యంగా, కొంచెం కొంచెంగా చూపడం మామూలు. ట్యాగ్ ఊడిపోయాక కూడా పాత దారి పటం మీద ఉంటుంది. ఇందులో మోసమేమీ లేదు, కాకపోతే ఈ సంగతి అట్ట మీదే స్పష్టంగా రాసి ఉండాలి.

ఇలాంటి నగ తిమింగలానికి చేసే మేలు ఎంత అన్నది ట్యాగ్ ఏం చెబుతుంది, అది చెప్పిన సంగతి ఎవరి చేతికి వెళుతుంది, గొలుసు ధరలో ఎంత అక్కడిదాకా చేరుతుంది అనే వాటిని బట్టి ఉంటుంది. నగ అందం, కథ, చేతికి ఇచ్చే తృప్తి వీటి తర్వాతవే.

తిమింగలానికి ట్యాగ్ వేయడం తాబేలుకు వేసినంత సులువు కాదు. తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుంది, డిప్ప మీద జిగురుతో పరికరాన్ని అతికిస్తే సరిపోతుంది. తిమింగలాన్ని పట్టుకునే దారే లేదు. చిన్న పడవలో కొన్ని గజాల దూరానికి వెళ్లి, అది ఊపిరికి పైకి వచ్చిన క్షణంలో గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీతో ట్యాగ్‌ను వీపులోకి దించుతారు. జానెడుకు అటూ ఇటూగా ఉండే ఆ లోహపు గొట్టం చర్మం, కొవ్వు పొర దాటి లోపల నాటుకుంటుంది. సన్నటి యాంటెన్నా మాత్రం బయటికి ఉంటుంది. ఇంకో రకం ట్యాగు వీపు మీది రెక్కకు చిన్న టైటానియం ముళ్లతో పట్టుకుని ఉంటుంది. గాలి తీసేసిన రబ్బరు గిన్నెలతో అతుక్కునే మూడో రకం కొన్ని గంటలే నిలుస్తుంది, దూరప్రయాణాల లెక్కకు పనికిరాదు. ఒంట్లో నాటే ట్యాగులు వారాల నుంచి నెలల దాకా పనిచేస్తాయి.

రేడియో తరంగం ఉప్పునీటిని దాటి పైకి రాలేదు. అందుకని ట్యాగ్‌లో రెండు లోహపు మొనలు పెడతారు. సముద్రపు నీరు ఆ రెంటినీ కలిపి ఉన్నంతసేపూ ట్యాగ్ నిద్రలో ఉంటుంది. తిమింగలం పైకి వచ్చి ఆ మొనలకు గాలి తగలగానే ట్యాగ్ ఒక సెకను కూడా పట్టని చిన్న సంకేతం పంపుతుంది, తిమింగలం మళ్లీ మునుగుతుంది. ఆ క్షణంలో నెత్తిన ఉపగ్రహం ఉంటేనే సంకేతం అందుతుంది. ఫ్రాన్సు, అమెరికా కలిసి 1978లో మొదలుపెట్టిన అర్గోస్ వ్యవస్థ ఈ పని చేస్తోంది. దాదాపు 850 కిలోమీటర్ల ఎత్తున, ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు వాటి వైపు వచ్చే సంకేతం పౌనఃపున్యంలో కలిగే సన్నటి మార్పును కొలిచి ట్యాగ్ ఉన్న చోటును లెక్కకడతాయి. ఉపగ్రహం ఒకసారి మీదుగా వెళ్లేలోపు నాలుగైదు సంకేతాలు అందితే 250 మీటర్ల లోపు తేడాతో చోటు తెలుస్తుంది. ఒకటి రెండే అందితే కిలోమీటర్ల తేడా రావచ్చు. ధ్రువాలకు దగ్గరగా ఉన్న సముద్రాల మీద ఉపగ్రహాలు తరచుగా వెళతాయి, బంగాళాఖాతం వంటి ఉష్ణమండల జలాల మీద తక్కువసార్లు వెళతాయి. పటం మీద నున్నగా కనిపించే గీత ఇలాంటి ఎగుడుదిగుడు చుక్కలను సర్ది గీసినదే.

ఈ వ్యవస్థలో ఆంధ్రప్రదేశ్‌కు నేరుగా పాత్ర ఉంది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20 మోసుకెళ్లిన సరళ్ ఉపగ్రహంలో అర్గోస్ మూడో తరం పరికరం ఉంది. ఇస్రో, ఫ్రెంచి అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్ కలిసి చేసిన ఉపగ్రహం అది. 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54తో వెళ్లిన ఈఓఎస్-06 నాలుగో తరం అర్గోస్ పరికరాన్ని తీసుకెళ్లింది. కడప జిల్లాలోని వేంపల్లె నుంచి నేరుగా గీత గీస్తే శ్రీహరికోట 200 కిలోమీటర్ల దూరం. ప్రపంచంలో ఎక్కడో ఒక తిమింగలం పైకి వచ్చి ఊపిరి పీల్చిన క్షణాన వెలువడే సంకేతాన్ని అందుకునే చెవుల్లో రెండు ఈ గడ్డ నుంచి లేచినవే.    

ట్యాగులు నేర్పిన పాఠాల్లో పక్కాగా చెప్పదగ్గది కాలిఫోర్నియా నీలి తిమింగలాలది. ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మేట్ నాయకత్వంలోని బృందం 1993 నుంచి 2008 వరకు 171 నీలి తిమింగలాలకు ట్యాగులు వేసింది. ఆ పదిహేనేళ్ల సమాచారంతో 2014లో వచ్చిన అధ్యయనం, తిమింగలాలు మేతకు ఎక్కువగా చేరే రెండు చోట్లు లాస్ ఏంజెలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో రేవులకు వెళ్లే ఓడల దారుల మీదే ఉన్నాయని తేల్చింది. నీలి తిమింగలం ఓడను చూసి వేగంగా తప్పుకునే జీవి కాదు, ఢీకొంటే బతకడం కష్టం. తిమింగలాల దారుల సమాచారాన్ని సముద్రపు ఉష్ణోగ్రత వంటి కొలతలతో జోడించి, ఏ నెలలో ఎక్కడ తిమింగలాలు ఉండే అవకాశం ఎక్కువో చెప్పే వేల్‌వాచ్ పటాలను తయారుచేశారు. అలాంటి చోట్ల ఓడల కెప్టెన్లు వేగం తగ్గించడానికి తోడ్పడాలన్నదే ఆ పటాల ఉద్దేశం. ట్యాగ్‌కు ఇంతకంటే మంచి వాడకం చూపడం కష్టం. చుక్కల్లోంచి పటం వచ్చింది, పటం ఓడ నడిపేవారి బల్ల మీదికి వెళ్లింది.

భారతదేశానికి దగ్గరైన ఉదాహరణ లుబాన్ అనే ఆడ హంప్‌బ్యాక్ తిమింగలం. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు ప్రపంచంలో మరెక్కడా లేని తీరున వలస పోకుండా ఏడాది పొడవునా ఈ వెచ్చటి నీళ్లలోనే ఉంటాయి. దాదాపు 70,000 ఏళ్లుగా మిగతా హంప్‌బ్యాక్‌ల నుంచి వేరుపడి ఉన్నాయని జన్యు పరీక్షలు చెబుతున్నాయి. 1966లో సోవియట్ వేట ఓడలు ఒమన్, పాకిస్తాన్, భారత తీరాల దగ్గర దాదాపు 240 హంప్‌బ్యాక్‌లను చంపాయి. ఆ దెబ్బ నుంచి ఆ సంతతి తేరుకోలేదు. ఒమన్ తీరంలో మిగిలినవి వందకు లోపేనని అంచనా. ఒమన్ పర్యావరణ సంఘం, దానితో కలిసి పనిచేసే పరిశోధకులు 2014 నుంచి వీటికి ట్యాగులు వేశారు. మొదట వేసినవన్నీ ఒమన్, యెమెన్ తీరాలను వదలలేదు. 2017 నవంబరులో మసీరా అఖాతంలో ట్యాగ్ వేసిన లుబాన్ మాత్రం సముద్రానికి అడ్డంగా ఈదుకుంటూ డిసెంబరు చివరికి గోవా తీరానికి చేరింది, అక్కడి నుంచి దక్షిణంగా కన్యాకుమారి వైపు సాగింది. ఒక హంప్‌బ్యాక్ అరేబియా సముద్రాన్ని దాటిందని నమోదు కావడం అదే మొదటిసారి.

ఒక్క జంతువు దారి శాస్త్రానికి ఎంత కొత్త సంగతి చెప్పగలదో లుబాన్ చూపింది. ఒమన్ తీరాన్ని కాపాడితే చాలనుకున్న సంతతికి గోవా, కర్ణాటక, కేరళ తీరాల వలలు కూడా ముఖ్యమేనని తేలింది. కడప జిల్లా నుంచి బతుకుతెరువుకు గల్ఫ్ వెళ్లినవాళ్లు ఊరూరా ఉన్నారు. విమానంలో వాళ్లు దాటే ఆ సముద్రాన్నే లుబాన్ కింద నుంచి దాటింది. ఇలాంటి కథ పూసల గొలుసుకు బాగా అమరుతుంది, అందులో సందేహం లేదు. అయితే లుబాన్ ప్రయాణానికి విలువ వచ్చింది దాన్ని ఎంతమంది ఫోన్లలో చూశారన్నందువల్ల కాదు. ఆ దారి అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ శాస్త్ర సంఘం ముందుకు వెళ్లింది, భారత పరిశోధకులు తమ వైపు తీరంలో వెతకడానికి కారణం దొరికింది.

ట్యాగ్‌కు మరో వైపు కూడా ఉంది, నగలు అమ్మే ప్రకటనల్లో అది కనిపించదు. 2016 ఫిబ్రవరిలో అమెరికా వాయవ్య తీరంలో అక్కడి ఓర్కాల చిన్న సంతతికి చెందిన ఎల్95కు ముళ్ల ట్యాగ్ వేశారు. అయిదు వారాల తర్వాత అది చచ్చి కొట్టుకొచ్చింది. ట్యాగ్ ముళ్ల ముక్కలు రెక్కలో మిగిలిపోయాయని, ఆ గాయం దగ్గర మొదలైన శిలీంధ్ర వ్యాధి చావుకు ఒక కారణమని నిపుణుల పరీక్షలో బయటపడింది. వేసేముందు ట్యాగ్ ఒకసారి నీళ్లలో పడగా, తిరిగి పూర్తిగా క్రిమిరహితం చేయకుండా ఆల్కహాలుతో మాత్రమే శుభ్రం చేశారని కూడా తేలింది. అమెరికా మత్స్య శాఖ ఆ సంతతిపై ట్యాగులు వేయడం ఆపేసింది. ఎనభైకి అటూ ఇటూగా మిగిలిన సంతతిలో ఒక జీవి పోవడమంటే మామూలు నష్టం కాదు. ఒంట్లోకి దిగే ప్రతి ట్యాగ్ ఒక గాయమే. ఆ గాయానికి తగిన ప్రశ్న ఉన్నప్పుడే దాన్ని వేయాలన్నది పరిశోధకుల్లో ఇప్పుడు స్థిరపడిన అభిప్రాయం. కొనేవారికి కొత్త జంతువు కావాలి కాబట్టి కొత్త ట్యాగ్ వేయడం తప్పు. అలా జరగకుండా చూసే బాధ్యత పరిశోధన సంస్థలదే.

ట్యాగ్ లేకుండా తెలిసే విషయాలు కూడా తక్కువేమీ కాదు. హంప్‌బ్యాక్ తోక అడుగు భాగంలోని నలుపు తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకలా ఉండవు, ఫొటోలు పోల్చి ఒక్కో జీవిని ఏళ్ల తరబడి గుర్తుపట్టవచ్చు. నీళ్లలో మైకులు దించి పాటలు వింటారు. తాబేళ్ల దగ్గర ఇంకా చవకైన పద్ధతి ఉంది. 2021 మార్చిలో ఒడిశాలో భారత జంతు సర్వేక్షణ సంస్థ ఒక ఆలివ్ రిడ్లే రెక్కకు 03233 అంకె ఉన్న లోహపు బిళ్ల తొడిగింది. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరపు తాబేలు పడమటి తీరంలో గుడ్లు పెడుతుందన్న పెద్ద విషయాన్ని బ్యాటరీ లేని బిళ్ల చెప్పింది. దానికి ఎదురు ప్రయాణం ఉపగ్రహ ట్యాగ్ చూపింది. 2023 ఫిబ్రవరిలో గుహాగర్‌లో ట్యాగ్ వేసిన బాగేశ్రీ అనే తాబేలు శ్రీలంకను చుట్టి బంగాళాఖాతంలోకి వచ్చింది. ఈ రెండూ కలిసినప్పుడే చిత్రం పూర్తవుతుంది.

ఇక సొమ్ము. ఒక గొలుసు ధర 1,500 రూపాయలు అనుకుందాం. నికర లాభంలో 10 శాతం ఇస్తామని అట్ట మీద ఉంది. ఖర్చులన్నీ పోగా లాభం ధరలో అయిదో వంతు అయితే 300 రూపాయలు, అందులో 10 శాతం 30 రూపాయలు. అదే అమ్మకం ధరలో 10 శాతమని రాసి ఉంటే 150 రూపాయలు. ఉపగ్రహ ట్యాగ్ ఒక్కోటి వేల డాలర్లు. మూడు లక్షల రూపాయలనే లెక్క వేసుకున్నా మొదటి పద్ధతిలో ఒక ట్యాగ్‌కు 10,000 గొలుసులు అమ్ముడవాలి, రెండో పద్ధతిలో 2,000 చాలు. పడవ, ఇంధనం, మనుషులు, ఉపగ్రహ సేవకు కట్టే రుసుము దీనికి అదనం. శాతం ఒక్కటే, ఏ మొత్తం మీద శాతమన్న ఒక్క మాటతో అయిదు రెట్ల తేడా. అందుకే ‘లాభంలో కొంత’ అనే మాటను మాటగానే చూడాలి. ఏ సంస్థకు, ఏ ఏడాది, ఎంత ఇచ్చారో రాతపూర్వకంగా చూపే అమ్మకందారు మాటకే విలువ.

వస్తువు కొనుగోలు నుంచి సముద్రానికి సొమ్ము మళ్లించడంలో నగల కంటే సూటిగా ఉండే పద్ధతులు ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్, 1997 నుంచి కాలిఫోర్నియా తిమింగలం బొమ్మ ఉన్న కారు నంబరు పలకలు అమ్ముతున్నాయి. అదనపు రుసుములో ఎంత ఎటు వెళ్లాలో చట్టంలోనే ఉంటుంది, ప్రభుత్వ లెక్కల్లో కనిపిస్తుంది. ఒరెగాన్‌లోనూ బూడిద తిమింగలం బొమ్మతో ఇలాంటి పలక వచ్చింది, దాని సొమ్ము నీలి తిమింగలాలకు ట్యాగులు వేసిన విశ్వవిద్యాలయానికే చెందిన సముద్ర క్షీరదాల సంస్థకు వెళుతుంది. నగల గొలుసులో లేనిదీ ఇక్కడ ఉన్నదీ లెక్క చూపే చట్టబద్ధమైన బాధ్యతే.

భారతదేశంలో దీనికి దగ్గరి రక్షణ 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు. పర్యావరణానికి మేలు చేస్తున్నామని చెప్పుకునే ప్రకటనకు ఆధారం చూపాలని, ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదని అవి చెబుతున్నాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు వెళ్లే వేంపల్లె వాసికి ఈ తరహా జాగ్రత్త కొత్తేమీ కాదు. తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడిగి, 916 ముద్ర, దాని పక్కన ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ చూసుకుని గానీ డబ్బు తీయరు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ ఆరంకెల గుర్తు లేని హాల్‌మార్క్ బంగారం అమ్మకూడదన్న నియమం ఉంది. బంగారం స్వచ్ఛతకు ఉన్న ఇంత పక్కా ముద్ర తిమింగలానికి ఇస్తామన్న సొమ్ముకు లేదు. అది వచ్చేదాకా అదే తీరున నిలదీసి అడగడమే కొనేవారి చేతిలో ఉన్న సాధనం.

నగకూ వన్యప్రాణికీ ఉన్న పాత బంధం వేరు. పులిగోరు, ఏనుగు దంతం, ఏనుగు తోక వెంట్రుక చుట్టిన ఉంగరం, సముద్రపు తాబేలు డిప్ప, పగడం, ముత్యం వంటివన్నీ జీవి ఒంటి నుంచి తీసుకున్నవే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటిలో చాలావాటి వ్యాపారాన్ని నేరంగా మార్చింది. తిమింగలాలు ఆ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. తిమింగలం వాంతి పేరుతో పట్టుబడే అంబర్‌గ్రిస్ కేసులన్నీ ఆ చట్టం కిందికే వస్తాయి, అది ఒడ్డున దొరికినా అమ్ముకోవడానికి వీల్లేదు. జీవి నుంచి తీసుకోవడానికి బదులు జీవికి ఇచ్చే నగ అన్న ఊహే ఈ గొలుసుల్లోని కొత్తదనం, ఆ ఊహ గౌరవించదగ్గది. అందుకు నగ పదార్థం కూడా తగ్గట్టుండాలి. సముద్రాన్ని కాపాడతామనే గొలుసులో పగడమో గవ్వో ఉంటే ఆ మాటకు అర్థం ఉండదు. ప్లాస్టిక్ తాడు మీద గుచ్చినా అంతే.

పసిడిపురి అని పేరున్న ప్రొద్దుటూరులో, ఆ మాటకొస్తే రాయలసీమ అంగళ్లన్నిటిలో, తాబేలు ఉంగరం మామూలు సరుకు. వెండిలో, బంగారంలో, డిప్ప మీద రాయి పొదిగి, తల వేలి కొస వైపో తమ వైపో ఉండాలన్న పట్టింపులతో కొంటారు. కలిసివస్తుందన్న నమ్మకం తప్ప ఆ ఉంగరానికి ఏ తాబేలుతోనూ సంబంధం లేదు. ఏటా చలికాలం చివర శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి, వలల్లో ఊపిరాడక చచ్చినవి గుట్టలుగా కొట్టుకొస్తాయి. గుడ్లను కుక్కల నుంచి, అలల నుంచి కాపాడి పిల్లలను సముద్రంలో వదిలే కేంద్రాలను అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు తీరం పొడవునా నడుపుతున్నాయి. ఎలాగూ అమ్ముడవుతున్న ఉంగరం ఒక్కో దానిపై చిన్న మొత్తం ఆ కేంద్రాలకు మళ్లితే, కొత్త యాప్ గానీ కొత్త ట్యాగ్ గానీ అక్కర్లేకుండానే ఈ ఆలోచన ఇక్కడ అమలవుతుంది. తిమింగలం గొలుసు కంటే తాబేలు ఉంగరం ఈ ప్రాంతానికి దగ్గరి దారి.

ఏ జీవి పేరు మీద నగ అమ్ముడవుతుందన్నదీ చిన్న విషయం కాదు. తిమింగలం, ఏనుగు, తాబేలు పేర్లకు కొనేవారున్నారు. కడప జిల్లా లంకమల అడవుల్లో 1986లో మళ్లీ కనిపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన కలివికోడికి గానీ, రోళ్లపాడు గడ్డిభూముల బట్టమేక పిట్టకు గానీ గొలుసు లేదు. రాత్రిపూట పొదల మధ్య తిరిగే కలివికోడికి ఉపగ్రహపు దారి ఏ ఫోన్‌లోనూ ఆకర్షణీయంగా కనిపించదు. నగల మీద ఆధారపడిన సంరక్షణ అందమైన జీవుల వైపే మొగ్గుతుంది. తక్కినవాటికి ప్రభుత్వ నిధి తప్ప వేరే దిక్కు లేదు.

ఆంధ్ర తీరంలో తిమింగలాల సమాచారం ఎక్కువగా ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల నుంచే వస్తోంది. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం ఒడ్డుకు దాదాపు 25 అడుగుల తిమింగలం కొట్టుకొచ్చింది, నీలి తిమింగలమని వార్తలు వచ్చాయి. జనం చుట్టూ మూగారు, ఫొటోలు తీసుకున్నారు. ఇలాంటి సందర్భంలో వెంటనే పశువైద్యులు చేరి, వలల గుర్తులు, ఓడ తగిలిన దెబ్బలు, కడుపులో ప్లాస్టిక్ ఉన్నాయేమో చూసి, కణజాలం నమూనా భద్రపరిస్తే ఒక్కో కళేబరం ఒక అధ్యయనంతో సమానం. దానికయ్యే ఖర్చు ఒక ఉపగ్రహ ట్యాగ్ కంటే చాలా తక్కువ.

బతికిన జీవితో జరిగిన మంచి ఉదాహరణ 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానిది. దాదాపు రెండు టన్నుల వేల్ షార్క్ వలలో చిక్కింది. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, 2001 నుంచి మొదటి షెడ్యూలు రక్షణలో ఉంది. అటవీ శాఖ అధికారులు, మత్స్యకారులు, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దాన్ని తిరిగి లోతు నీళ్లలోకి మళ్లించారు. వీపు మీది చుక్కల వరుస ఒక్కో చేపకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఆ ఫొటోలను పోల్చి గుర్తుపట్టేందుకు మాల్దీవుల వేల్ షార్క్ పరిశోధన కార్యక్రమానికి పంపుతామని అప్పట్లో ప్రకటించారు. గుజరాత్‌లో ఇదే పని పద్ధతిగా సాగుతోంది. వేల్ షార్క్‌ను వదలడానికి వల కోసుకున్న మత్స్యకారుడికి అక్కడి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. వల ఖరీదు మత్స్యకారుడి కుటుంబానికి నెలల సంపాదన. ఆ నష్టాన్ని భరించేవారు లేకపోతే ఎన్ని పటాలు గీసినా వలలో చిక్కిన జీవి బతకదు. గుజరాత్‌లో 2011 నుంచి వేల్ షార్క్‌లకు ఉపగ్రహ ట్యాగులు కూడా వేస్తున్నారు, ఆ పనికి పరిశ్రమ నుంచి టాటా కెమికల్స్ సాయం అందింది. పరిహారం, నమ్మకం ముందు, ట్యాగ్ తర్వాత అన్న ఆ వరుస గమనించదగ్గది.

భారతదేశంలో తిమింగలానికి ఎవరు పడితే వారు ట్యాగ్ వేయలేరు. మొదటి షెడ్యూలు జీవిని పట్టడానికి గానీ, ఒంటికి పరికరం అమర్చడానికి గానీ చట్టం 12వ సెక్షన్ కింద కేంద్రం ముందస్తు ఆమోదంతో అనుమతి పొందాలి. 2024 డిసెంబరులో అస్సాంలో గంగా డాల్ఫిన్‌కు మొదటిసారి ఉపగ్రహ ట్యాగ్ వేసినప్పుడు డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, అస్సాం అటవీ శాఖ, ఆరణ్యక్ అనే స్థానిక సంస్థ కలిసి పనిచేశాయి. డబ్బు అటవీ పరిహార నిధి కాంపా నుంచి వచ్చింది. తూర్పు తీరంలో తిమింగలాలకు ఇలాంటి పని మొదలైతే దానికి కావలసిన దన్ను తెలుగు నేల మీదే సిద్ధంగా ఉంది. 1999లో ఏర్పడిన హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, చేపలు దొరికే చోట్లను ఉపగ్రహ సమాచారంతో లెక్కగట్టి మత్స్యకారులకు రోజూ చెబుతోంది. తిమింగలాల దారులను ఆ కేంద్రం వాడే సముద్ర ఉష్ణోగ్రత, నీటి పచ్చదనం పటాలతో జోడిస్తే విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవులకు వచ్చే ఓడలకు, పడవలకు ముందస్తు హెచ్చరిక ఇవ్వవచ్చు. శ్రీలంక దక్షిణ తీరంలో నీలి తిమింగలాలను తప్పించడానికి 2022లో ఎంఎస్‌సీ ఓడల సంస్థ తన దారిని దాదాపు 15 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరుపుకుంది. అక్కడ ఆధారమైనవి ఏళ్ల తరబడి పడవల మీద తిరిగి చేసిన గణనలు, ఓడల రాకపోకల లెక్కలు.

కంపెనీల చట్టం 2013 కింద పెద్ద సంస్థలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. ఆ బాధ్యత వర్తించే నగల కంపెనీలకు తీరప్రాంత వన్యప్రాణి పని ఆ పద్దు కిందే చూపే వీలుంది, సొమ్ము ఎటు వెళ్లిందో వార్షిక నివేదికలో రాయక తప్పదు. చిన్న అంగడికి ఆ నిబంధన వర్తించదు, అయినా రసీదు మీద ఒక వరుస చేర్చడానికి ఖర్చేమీ లేదు: ఈ నగ మీద ఇన్ని రూపాయలు ఫలానా తాబేళ్ల కేంద్రానికి, ఫలానా తేదీన కట్టాం అని.